గుండెదడ గుండెజబ్బు కానప్పుడు

రాయపూర్ నగరమునకు దక్షిణముగా, ధమ్‌తరీకి పోవు రాజమార్గముపై, సుమారు 30 కిలోమీటర్ల దూరమున అభన్‌పూర్ అను చిన్న పట్టణము కలదు. చుట్టును వరిపొలములు. బెంగాల్–నాగపూర్ రైల్వేవారు పూర్వము వేసిన చిన్న రైలుమార్గము ఈ ఊరివద్ద రెండుగా చీలి, ఒకటి ధమ్‌తరీకిని, ఒకటి రాజిమ్‌కును పోయెడిది. ఆ చిన్నబండి ఇప్పుడు లేదు. దాని స్థానమున పెద్ద పట్టాలు పడినవి. 2025 మార్చి 30వ తేదీన అభన్‌పూర్–రాయపూర్ ప్రయాణికుల రైలు ప్రారంభమైనది. కావున నేడు అభన్‌పూర్ నుండి రాయపూర్‌లోని పెద్ద ఆసుపత్రికి పోవుట కష్టమైన పని కాదు.

అయినను ఈ కొద్దిపాటి దూరము దాటుటకు కొందరికి సంవత్సరములు పట్టుచున్నది. వారిని ఆపునది బాట కాదు, బండిఛార్జీ కాదు. తమకు కలిగినది వ్యాధియని వారికి తెలియకపోవుటయే వారిని ఆపుచున్నది.

ఒక గుమాస్తా కథ

ఉదాహరణకు, బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయు ఒక గుమాస్తాను ఊహింపుడు. వయస్సు 40 సంవత్సరములు. 1931లో పార్వతీపురము–రాయపూర్ రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రకును ఈ ప్రాంతమునకును రాకపోకలు సులభమైనవి. అట్లు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇతనిది ఒకటి. ఇంట తెలుగు, బయట హిందీ, ఛత్తీస్‌గఢీ. దురలవాట్లు లేవు. అప్పులు లేవు. కాని ఆరు నెలలుగా ఇతనికి మనస్సున నెమ్మది లేదు. రాత్రి పడుకొనగానే, ఇంటి తలుపు గడియ పెట్టితినా లేదా, లెక్కలో తప్పు దొర్లెనా, బడినుండి పిల్లవాడు క్షేమముగ వచ్చునా అని ఒకదాని వెంట ఒకటిగా ఆలోచనలు తరుముకొని వచ్చును. తెల్లవారుజామున మెలకువ వచ్చును. మెడ, భుజములు నొప్పి పుట్టును. అన్నము సహించదు.

ఒకనాడు రాయపూర్ పోవు బస్సులో అకస్మాత్తుగా గుండె దడదడ కొట్టుకొనెను. ఊపిరి అందలేదు. అరచేతులు చెమర్చినవి, వ్రేళ్లు తిమ్మిరెక్కినవి. "ఇక నేను బ్రతుకను" అనిపించెను. బస్సు ఆపించి దిగిపోయెను. పావుగంటలో అంతయు తగ్గినది. మరునాడు గుండె పరీక్ష చేయించగా లోపమేమియు కనబడలేదు. వైద్యుడు "మీ గుండె బాగున్నది" అనెను. ఆ మాట ఊరట కలిగింపవలసినది; కాని ఇతనిని మరింత కలవరపెట్టెను. గుండె బాగున్నచో ఈ దడ ఎక్కడిది?

తోటి ఉద్యోగి "మగవాడివి, గట్టిగా ఉండవయ్యా!" అనెను. ఇంటివారు దిష్టి తీసిరి. ఎవరో తాయెత్తు కట్టించుమనిరి. మందుల దుకాణమువాడు నిద్రమాత్ర ఇచ్చెను. వీరందరును మేలు కోరినవారే. కాని అసలు వైద్యము మాత్రము మొదలు కాలేదు. ఇతడు బస్సెక్కుట మానెను. తరువాత సంతకు పోవుట మానెను. పెండ్లిపిలుపులు వచ్చినచో భార్యను, పిల్లలను పంపి తాను ఇంటనే ఉండసాగెను.

భయము, వ్యాధి

భయము స్వతః వ్యాధి కాదు. అది ప్రాణరక్షణకై దేహమున ఏర్పడిన కావలి. అభన్‌పూర్‌కు సమీపముననే చంపారణ్ అను క్షేత్రము కలదు. అది తెలుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన వల్లభాచార్యుల జన్మస్థలమని ప్రసిద్ధి. కాశీపై దండయాత్ర వచ్చునను భీతితో ఆయన తల్లిదండ్రులైన లక్ష్మణభట్టు, ఇల్లమ్మగారు నగరము విడిచి పోవుచుండగా, త్రోవలో అడవియందు ఆయన జననమైనదని సంప్రదాయ కథనము. ఆ దంపతుల భయమునకు కారణము కలదు; ఆ భయము వారిని ప్రమాదమునుండి దూరముగా నడిపించినది. ఇట్టి భయము ఉపకారి.

కారణము లేకుండ వచ్చునది, కారణమునకు మించినది, లేదా కారణము తొలగినను పోనిది వేరు. ఇంటికి దొంగ వచ్చినప్పుడు మొరుగు కుక్క మంచిదే. ఆకు రాలినను రాత్రి తెల్లవార్లు మొరుగు కుక్క వలన ఇంటిలో నిద్ర ఉండదు. ఆందోళన వ్యాధి అట్టిదే. మెదడులో బాదంగింజ ఆకారముగల ఒక చిన్న భాగము ఆపదను పసిగట్టి హెచ్చరిక చేయును. వెంటనే ఎడ్రినలిన్ అను రసము రక్తములో చేరి గుండెను వేగిరపరచును, కండరములను బిగించును, శ్వాసను త్వరితము చేయును. అవసరమునకు మించి త్వరగా ఊపిరి పీల్చినచో రక్తమున బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగుట, వ్రేళ్లు తిమ్మిరెక్కుట సంభవించును. గుమాస్తాకు బస్సులో కలిగినది ఇదియే. అది నటన కాదు, పిరికితనము కాదు. అతని దేహమున నిజముగా జరిగిన మార్పు.

తెలుగులో దీనికి పేర్లు చాల కలవు: గుబులు, బెంగ, దిగులు, కంగారు, గాబరా, దడ. హిందీలో ప్రజలు దీనిని "ఘబరాహట్" అందురు. మన "గాబరా" దానికి చుట్టమే. రోగి ఏ పేరుతో చెప్పినను వైద్యుడు గ్రహించును.

ఎప్పుడు వైద్యుని చూడవలెను?

ఈ క్రింది లక్షణములు గమనింపదగినవి:

1. అనేక విషయములను గూర్చిన చింత దాదాపు ప్రతిదినము, నెలల తరబడి ఉండుట, ఆపుకొనవలెనన్నను ఆగకపోవుట.
2. నిద్ర పట్టకపోవుట, తొందరగా అలసిపోవుట, చిరాకు, పనిపై మనస్సు నిలువకపోవుట, కండరముల బిగువు.
3. అకస్మాత్తుగా దడ, ఆయాసము, చెమట, ప్రాణము పోవునను భయము కలిగి కొద్ది నిమిషములలో తీవ్రస్థాయికి చేరుట. మరల వచ్చునేమో అను భయముతో కాలము గడుపుట.
4. భయమువలన బస్సు, సంత, సభ, ఉద్యోగము మున్నగువానిని విడిచిపెట్టుట.
5. భయము అణచుకొనుటకు సారాయి, గుట్కా, నిద్రమాత్రలు అలవాటు చేసికొనుట.

వీనిలో ఏది జీవితమునకు అడ్డమైనను వైద్యుని చూడవలసిన సమయము వచ్చినట్లే. ఒక హెచ్చరిక మాత్రము మరువరాదు. మొదటిసారిగా రొమ్ములో నొప్పి, బరువు కలిగినను, నొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకినను, స్పృహ తప్పినను "ఇది గాబరాయే" యని ఇంట కూర్చుండరాదు. వెంటనే 108 అంబులెన్సును పిలువవలెను. గుండెజబ్బు లేదని తేల్చవలసినవాడు వైద్యుడే. రోగి కాదు, పొరుగువాడును కాదు.

ఆలస్యము ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో ప్రపంచమున 30 కోట్లమందికి పైగా ఆందోళన వ్యాధులతో బాధపడిరి. వీరిలో చికిత్స పొందువారు నలుగురిలో ఒకరు మాత్రమే. మన దేశమున బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపినది. ఛత్తీస్‌గఢ్ ఆ 12లో ఒకటి. పెద్దలలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లును, ఆయా రుగ్మతలను బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్సకు దూరముగా ఉన్నట్లును ఆ సర్వే తేల్చినది. కావున అభన్‌పూర్ గుమాస్తా ఒంటరివాడు కాడు.

ఆలస్యమునకు మొదటి కారణము "పిచ్చి" అను మాట. మానసిక వైద్యుని గదికి పోయినవానికి పిచ్చియని లోకము అనుకొనునేమో అను భయము. ఈ భయము వట్టిది. ఆందోళన వ్యాధిలో మతి చలింపదు. రోగికి తన స్థితి పూర్తిగా తెలిసియే యుండును. బిలాస్‌పూర్ సమీపమున సేంద్రీలో రాష్ట్ర మానసిక చికిత్సాలయము కలదు. కాని ఆందోళన వ్యాధిగ్రస్తులలో అత్యధికులకు అట్టిచోట చేరవలసిన అవసరమే ఉండదు. ఉదయము పోయి వైద్యునితో మాటలాడి, సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

రెండవ కారణము, వ్యాధిని గ్రహచారమునకో, చేతబడికో అంటగట్టుట. పల్లెలలో బైగాను పిలిచి మంత్రము వేయించుట కలదు. ప్రార్థన వలన మనస్సునకు ఊరట కలిగినచో కాదనువారు లేరు. కాని వ్యాధికి కారకురాలని ఒక స్త్రీకి "టోన్హీ" యను నింద మోపుట ఘోరము. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నాటి చట్టము దానిని నేరముగా నిర్ణయించినది.

మూడవ కారణము భాష. వ్యాపారము, ఉద్యోగము హిందీలో నడుపుకొనువాడు సైతము, గుండెలోని గుబులు చెప్పవలసివచ్చినప్పుడు మాతృభాషకై తడుముకొనును. దీనికి ఉపాయము ముందుగా వ్రాసికొనిపోవుట.

వైద్యుని గదిలో

మొదటి దర్శనమున ఏమి జరుగునో తెలిసినచో సగము భయము తీరును. వైద్యుడు ముందుగా ప్రశ్నలు వేయును: "ఘబరాహట్ ఎన్నాళ్లనుండి? ఏ వేళ ఎక్కువ? నిద్ర ఎట్లున్నది? ఇంట మరెవరికైన ఇట్లున్నదా? మద్యము, పొగాకు అలవాటు కలదా? బ్రతుకుపై విసుగు కలిగినదా?" ఈ కడపటి ప్రశ్నకు సిగ్గుపడక నిజము చెప్పవలెను. ఆందోళనతోపాటు మనఃక్రుంగుబాటు ఉండుట తరచు జరుగును. దానికిని చికిత్స కలదు.

పిమ్మట దేహపరీక్ష జరుగును. థైరాయిడ్ గ్రంథి అధికముగా పనిచేసినను, రక్తహీనత యున్నను, కొన్ని మందులవలనను, మితిమీరిన కాఫీ టీలవలనను దడ కలుగవచ్చును. అందుచే వైద్యుడు రక్తపరీక్ష కోరవచ్చును. 2006లో రూపొందిన ఏడు ప్రశ్నల పట్టికయొకటి పెక్కు దేశములలో వాడుకలో నున్నది. గడచిన రెండు వారములలో రోగి ఎంత కలత చెందెనో దానివలన కొలువవచ్చును. చికిత్స ఫలించుచున్నదా లేదా అని తెలిసికొనుటకును ఇది పనికివచ్చును.

రోగి వెంట తీసికొనిపోవలసినవి మూడు: పాత చీటీలు, ప్రస్తుతము మ్రింగుచున్న మాత్రల పేర్లు, తన బాధలను వరుసగా వ్రాసిన ఒక కాగితము. నమ్మకమైన ఇంటివారొకరు వెంట నుండుట మేలు. ఏకాంతముగ చెప్పదలచిన మాట యున్నచో అట్లు చెప్పుటకు రోగికి హక్కు కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి విషయములు గోప్యముగా ఉండవలెనని శాసించినది. ప్రభుత్వముచే నడుపబడు వైద్యశాలలో మానసిక చికిత్స పొందుట ప్రతివ్యక్తి హక్కని ఆ చట్టమే ప్రకటించినది.

చికిత్స రెండు విధములు

మొదటిది మాటల చికిత్స. దీనిని ఆలోచన, ప్రవర్తనలను సరిదిద్దు చికిత్స యనవచ్చును. శిక్షణ పొందిన వైద్యుడు గాని మనస్తత్త్వ నిపుణుడు గాని వారమునకొక పర్యాయము చొప్పున కొన్ని నెలలు దీనిని నడుపును. ఇది వట్టి ఓదార్పు కాదు. "గుండె దడదడలాడినది, కావున చచ్చిపోదును" అను ఆలోచనను పట్టుకొని, అది ఎంతవరకు నిజమో రోగిచేతనే పరీక్ష చేయింతురు.

భయపడినదానినుండి పారిపోయినకొలది భయము బలియును. బస్సు దిగగానే దడ తగ్గుటచే "దిగుటవలననే బ్రతికితిని" అని మనస్సు పాఠము నేర్చుకొనును. ఆ పాఠమును మెల్లమెల్లగా మరపింపవలెను. గుమాస్తా మొదటివారము బండి యెక్కక స్టేషనులో కొంతసేపు కూర్చుండును. తరువాత ఇంటివారితో కేంద్రీ వరకు పోయి వచ్చును. పిమ్మట ఒంటరిగా అంతదూరమే పోవును. చివరకు రాయపూర్ చేరును. ప్రతిమెట్టునను దడ వచ్చును. కొంతసేపటికి దానంతట అది తగ్గును. అది తగ్గుట తాను స్వయముగా చూచుటయే ఇందలి మందు.

రెండవది ఔషధము. నేడు సాధారణముగ మొదట వాడునవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు. ఇవి అలవాటుపడు మత్తుమందులు కావు. ఇవి ఒకనాటిలో పనిచేయవు. గుణము కనబడుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. మొదటి దినములలో వికారము, తలనొప్పి, కొంచెము అధికమైన కలత సైతము కలుగవచ్చును. అనేకులు ఈ సమయముననే "మందు పడలేదు" అని మానివేయుదురు. అట్లు మానక వైద్యునికి తెలుపవలెను. గుణము కలిగిన పిదప సైతము సాధారణముగ ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరము వరకు మందు కొనసాగింపవలెను. మానుట కూడ వైద్యుని సలహాపై క్రమముగా జరుగవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆ సంగతి ముందుగానే చెప్పవలెను.

నిద్రమాత్రల విషయమై ప్రత్యేకముగ జాగ్రత్త అవసరము. ఆల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోనజెపామ్ వంటివి అరగంటలో, గంటలో శాంతి కలిగించును. ఆ త్వరయే వాని ఆకర్షణ. ఆ త్వరయే వాని ప్రమాదము. కొద్ది వారములు మించి దినదినము వాడినచో దేహము వానికి అలవాటుపడి, మోతాదు పెంచవలసివచ్చును. హఠాత్తుగా మానినచో ఆందోళన హెచ్చును. ఒక్కొక్కప్పుడు మూర్ఛ కూడ రావచ్చును. మద్యముతో కలిసినచో ప్రాణాపాయము. వైద్యుని చీటీ లేక వీనిని అమ్ముట చట్టవిరుద్ధము. ఇప్పటికే చాలకాలముగా వాడుచున్నవారు భయపడి ఒక్కసారి మానివేయరాదు. వైద్యుని సాయముతో కొంచెము కొంచెముగా తగ్గించుకొనవలెను.

ఈ రెండు చికిత్సలలో ఏది గాని, రెండును కలిపి గాని రోగి స్థితిని బట్టి ఇత్తురు. అధికసంఖ్యాకులకు మేలు కలుగును. కొందరికి మొదటి మందు పనిచేయక మార్చవలసివచ్చును. కొందరికి కొన్నాళ్లకు వ్యాధి తిరిగి తలయెత్తును. అది ఓటమి కాదు. మరల చికిత్స చేసినచో మరల గుణమిచ్చును.

ఇంటివారి ధర్మము

"ఏమీ లేదు, ఊరికే భయపడకు" అనుటవలన రోగికి బలము రాదు. తన మాట ఎవరును నమ్మరను బాధ మాత్రము కలుగును. "దడ వచ్చినదని తెలిసినది. నేను ఇక్కడనే ఉన్నాను. మెల్లగా ఊపిరి విడువుము" అనుట మేలు. అట్లని రోగి చేయవలసిన పనులన్నియు ఇంటివారే చేసిపెట్టుటయు మంచిది కాదు. అది భయమునకు మేతయగును. వేళకు నిద్ర, దినమునకు అరగంట నడక, టీ కాఫీల తగ్గింపు, పొగాకు మద్యముల విసర్జన చికిత్సకు తోడ్పడును. చికిత్సకు బదులు కాజాలవు.

ఎక్కడికి పోవలెను?

అభన్‌పూర్ వాసి మొదట తన ఊరి సామాజిక ఆరోగ్య కేంద్రమునకు పోవచ్చును. ఛత్తీస్‌గఢ్‌లోని ప్రభుత్వ వైద్యులకు మానసిక రుగ్మతలను గుర్తించి చికిత్స చేయుటయందు నిమ్‌హాన్స్ దూరశిక్షణ నిచ్చినది. జిల్లా ఆసుపత్రులలో "స్పర్శ్" అను పేర మానసిక వైద్య క్లినిక్కులు కలవు. రాయపూర్‌లో డాక్టర్ భీమరావు అంబేద్కర్ స్మారక ఆసుపత్రియందును, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ అనగా ఎయిమ్స్ నందును మానసిక వైద్య విభాగములు కలవు. ఆంధ్రప్రదేశ్‌లోని బంధువుల ఇండ్లకు పోయి చికిత్స పొందదలచినవారికి విశాఖపట్నములో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. కాని పలుమార్లు వైద్యుని చూడవలసియుండును గనుక సమీపముననున్న చోటు మేలు.

ఇల్లు కదలలేనివారికి మరియొక మార్గము కలదు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, కేంద్ర ప్రభుత్వము టెలి–మానస్ సేవను ప్రారంభించినది. 14416 నంబరుకు ఏ ఫోనునుండి అయినను, రాత్రి పగలు ఎప్పుడైనను, ఖర్చు లేకుండ మాటలాడవచ్చును. తెలుగులో మాటలాడుటకును వీలు కలదు. పరాయి భాషాప్రాంతమున నివసించు తెలుగువారికి ఇది గొప్ప సదుపాయము. చనిపోవలెనను తలపు కలిగినవారు తెల్లవారువరకు వేచియుండక ఆ క్షణముననే ఈ నంబరుకు ఫోను చేయవలెను, ఒంటరిగా ఉండరాదు.

అభన్‌పూర్ గుమాస్తా ఊహాపాత్రమే. కాని ఈ పుటలు చదువువారి ఇంటనో, పొరుగుననో అట్టివాడు ఉండవచ్చును. అతడు గట్టిగా ఉండలేదని నిందింపరాదు. జ్వరము వచ్చినవానిని ఎట్లు వైద్యుని యొద్దకు తీసికొనిపోదుమో అతనిని అట్లే తీసికొనిపోవలెను. ఒక కాగితముపై బాధలు వ్రాసికొని, ఇంటివారినొకరిని వెంటబెట్టుకొని, రేపటి ఉదయమే బయలుదేరవలెను. బండి యెక్కుటకే భయపడువాడు ముందుగా 14416కు ఫోను చేసినను చాలును. చికిత్స అక్కడనే మొదలగును.